మొదటి దర్జీ లేరు

చిన్న పెయింటరుకి నలభై మూడేళ్ళు. జుట్టు సగం నెరిసింది, నిచ్చెన ఎక్కితే మోకాళ్ళు గొణుగుతున్నాయి. అయినా అందరూ ఆమెను చిన్న పెయింటరనే పిలుస్తారు. ఎందుకంటే ఇంట్లో పెద్ద పెయింటరు నిక్షేపంలా ఉన్నాడు, ఆ బిరుదు ఊరికే వదులుకునే మనిషి కూడా కాదు. ఆయన ఆమె తండ్రి. ఒకప్పుడు సినిమా హాళ్ళ ముందు నలభై అడుగుల బొమ్మలు నిలబెట్టాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది గానీ నోరు వణకడం లేదు. కిటికీ పక్కన కూర్చుని దారిన పోయే వ్యాన్ల మీది బొమ్మలన్నిటికీ వంకలు పెట్టడం ఆయన ప్రస్తుత ఉద్యోగం.

కూతురికి అబ్బినవి అక్షరాలు. కొట్ల బోర్డులు, లారీల వెనక రాతలు, గోడల మీద హెచ్చరికలు. ఆమె రాసిన "ఇచ్చట ఉమ్మరాదు" ఎంత ముచ్చటగా ఉండేదంటే, జనం చదవడానికి ఆగి, ఎలాగూ ఆగాం కదా అని ఉమ్మి వెళ్ళేవారు. అక్షరాల దగ్గర ఆమెను మించినవాళ్ళు లేరని తండ్రి కూడా ఒప్పుకుంటాడు. కానీ పదహారేళ్ళ వయసులో ఆమె ఒక కథానాయిక ముఖం గీసి చూపిస్తే, ఆయన రెండు నిమిషాలు చూసి ఒకే మాట అన్నాడు.

"అక్షరం నీ చేతిలో బతుకుతుందమ్మా. మనిషి చచ్చిపోతాడు."

అంతే, ఆ రోజు నుంచి ఆమె ముక్కూ మూతీ ఉన్నదేదీ గీయలేదు. మంగలి షాపు బోర్డులో కూడా తలకాయ వేరేవాళ్ళతో వేయించుకోమని, చుట్టూ అక్షరాలు మాత్రం రాసి వచ్చేసేది. ఇరవై ఏడేళ్ళుగా ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉంది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి తన చేతిలో బతికితే చాలునని, అది తండ్రి చూస్తే చాలునని ఆమె కోరిక. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, ఓదారుస్తారని భయం.

అలాంటి సమయంలో దర్జీల సంఘం కొత్త హాలు కట్టుకుంది. సంఘం కార్యదర్శిని కాజాలక్క అంటారు, గుండీలకు కాజాలు తీయడంలో ఆమెది పెట్టింది పేరు. మనిషి చలాకీ, మాట గడగడ. ఆమె ఫోన్ చేసి, హాల్లో పది అడుగుల గోడ ఖాళీగా ఉందని, దాని మీద ప్రపంచంలో మొట్టమొదటి దర్జీని వేయాలని సంఘం తీర్మానించిందని చెప్పింది. ఫ్లెక్సు పెడితే ఏడాదికే వెలిసిపోతుంది, చేత్తో వేస్తేనే నిలబడుతుందట. నేను మనుషుల్ని వేయనక్కా అని చెప్పడానికి చిన్న పెయింటరు నోరు తెరిచింది. నోరు మాత్రం "అలాగేనక్కా" అంది.

మొదటి దర్జీ ఎవరని అడిగితే కాజాలక్క ఊపిరి తీసుకోకుండా చెప్పింది. సంఘం అధ్యక్షుడు కోటు మాస్టారు ముస్లిం. మొట్టమొదట సూది పట్టినవారు, బట్ట కుట్టి తొడుక్కున్నవారు ఇద్రీసు ప్రవక్త అని వాళ్ళ పెద్దలు చెబుతారు. అంతకు ముందు జనం తోళ్ళు చుట్టుకుని తిరిగేవారట. ఆ ఇద్రీసే తమ బైబిల్లోని హనోకని చర్చిలో ఎవరో చెప్పగా కాజాలక్క విన్నది. ఆదాము నుంచి ఏడో తరం. తమ గ్రంథంలో ఆయన సూది పట్టినట్టు ఎక్కడా లేదు గానీ, పట్టలేదని మాత్రం ఎక్కడుంది అని ఆమె వాదన. సంఘంలో ఉన్న ఒకే ఒక్క యూదుడు రఫూ తాత. చిరుగును చిరుగని తెలియకుండా కలిపేసే పనితనం ఆయనది. తమ హనోఖు కూడా ఆయనేనని తాత తలూపాడు. అలా ముగ్గురూ ఒకే మనిషిని తాతగా ఒప్పుకున్నారు, తీర్మానం మీద సంతకాలు పడ్డాయి.

తీర్మానంలో రాసుకున్నది ఇది: "మన వృత్తికి మూలపురుషుడిని గోడ మీద వేయించవలెను." కొంప ముంచింది ఆ "వేయించవలెను." పెళ్ళి కార్డు మీద పేరూ వేయిస్తాం, పత్రికలో ఫోటో కూడా వేయిస్తాం. కోటు మాస్టారు పేరు వేయించడం అనుకుని సంతకం పెట్టారు. కాజాలక్క బొమ్మ వేయించడం అనుకుని పెయింటరును పిలిచింది. ఒకే మాట మీద ఇద్దరూ చెరో దారిన వెళ్ళిపోయారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

చిన్న పెయింటరు రెండు రోజులు బొగ్గుతో గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. గడ్డం కుదిరింది, చొక్కా మడతలు కుదిరాయి, ముఖం మాత్రం ఎంత గీసినా గుర్తింపు కార్డులో ఫోటోలా బిగుసుకుపోయి ఉంది. మూడో రోజు మధ్యాహ్నం ముగ్గురు పెద్దలూ పని చూడడానికి వచ్చారు.

ముందు దర్జీల బుద్ధి బయటపడింది. సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తాను మధ్య వేలికి ఉండాలి గానీ చూపుడు వేలికి పెట్టావేమిటని, మెడలో టేపు వేశావు, ఆ కాలంలో అంగుళాలున్నాయా అని రఫూ తాత. కుట్టు మిషను వేయనందుకు కాజాలక్క కాస్త నొచ్చుకుంది. ఇంతలో కోటు మాస్టారు ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారని, గోడ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తున్నారని చిన్న పెయింటరు గమనించింది. నిదానస్తుడు, కోపం రాని మనిషి. ఆయన మెల్లగా, ప్రవక్తలకు రూపం కట్టడం తమలో లేదని, తాను అనుకున్నది పేరు రాయించడమేనని చెప్పారు. ఆ మాట వినగానే చిన్న పెయింటరు చేతిలో బొగ్గు విరిగింది.

"నీ తప్పేం లేదమ్మా," అన్నారు కోటు మాస్టారు. "ఆ ముఖం తుడిచేసి పేరు రాసెయ్యి. నీ అక్షరాలు చాలు మాకు."

ఆయన ఆదరంగానే అన్నారు. కానీ ఆ "చాలు" ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. తిప్పి తిప్పి మళ్ళీ అక్షరాల దగ్గరికే వచ్చి పడ్డానే అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

పేరయినా రాసేద్దామంటే ఏ పేరు? ఇద్రీసని కోటు మాస్టారు, హనోకని కాజాలక్క. రఫూ తాతకు హనోకూ నచ్చలేదు. కాదు, హనోఖు, గొంతులోంచి రావాలి, ఆ వత్తు లేకపోతే ఆయన మా ఆయన కాడు అని పట్టుబట్టాడు. ఒక్క వత్తు కోసం అరగంట గడిచింది. అక్కడి నుంచి కథ, ఆయన అసలు పోయాడా లేదా అన్నదాని మీదికి వెళ్ళింది.

కాజాలక్క చెప్పింది. "మా గ్రంథంలో వరసగా అందరి లెక్కా ఉంటుంది. ఫలానావాడు తొమ్మిది వందల చిల్లర ఏళ్ళు బతికాడు, చచ్చిపోయాడు. వాడి కొడుకు ఇన్నేళ్ళు బతికాడు, చచ్చిపోయాడు. ఈయన దగ్గరికొచ్చేసరికి మూడు వందల అరవై ఐదేళ్ళు. దేవుడితో కలిసి నడిచాడు. తర్వాత చచ్చిపోయాడని లేదు. లేడు. అంతే."

"లేడు కాదు, లేరు," అన్నారు కోటు మాస్టారు. "ప్రవక్తని పట్టుకుని లేడంటావా?"

"మేం దేవుణ్ణే నువ్వంటాం మాస్టారూ. హనోకునేం మన్నిస్తాం?"

కోటు మాస్టారికి నవ్వొచ్చింది. ఆయనా తన వంతు చెప్పారు. ఇద్రీసు ప్రవక్త ఒక్కో కుట్టుకీ దేవుణ్ణి తలుచుకునేవారట, ఎక్కడైనా మరిచిపోతే ఆ కుట్టు విప్పేసి మళ్ళీ కుట్టేవారట. ఆ లెక్కన మన సంఘంలో ఒక్క చొక్కా కూడా పూర్తి కాదని కాజాలక్క మధ్యలో అందుకుంది. ఆయనకు మృత్యుదూతతో స్నేహం కుదిరిందట. ఒకసారి స్వర్గం చూసొస్తానని లోపలికి వెళ్ళి, చెప్పినట్టే బయటికి వచ్చి, అయ్యో చెప్పులు లోపలే మరిచిపోయానని మళ్ళీ వెళ్ళి, ఇక రానుపొమ్మని కూర్చుండిపోయారట. గ్రంథంలో ఉన్న మాట కాదు, పెద్దవాళ్ళు చెప్పుకునే కథ అని మాస్టారు నిజాయితీగా ఒప్పుకున్నారు.

చెప్పులనగానే రఫూ తాత లేచి కూర్చున్నాడు. తమ పెద్దల్లో కొందరికి హనోఖంటే అంత గురి లేదని, మంచివాడే గానీ నిలకడ తక్కువని, ఎక్కడ చెడిపోతాడోనని దేవుడు ముందుగానే పిలిపించుకున్నాడని చెప్పాడు. ఇంకొందరు మాత్రం ఆయన పైన కూర్చుని అందరి మంచి చెడ్డలూ రాస్తున్నాడంటారు. మరో కథ కూడా ఉందని, చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉందని అన్నాడు. చెప్పమన్నారు.

"ఆయన దర్జీ కాదు. చెప్పులు కుట్టేవాడు. ఒక్కో కుట్టుతో కింది లోకాన్నీ పై లోకాన్నీ కలిపేవాడు."

పక్క వీధిలో చెప్పుల కార్మికుల సంఘం ఉంది. వాళ్ళకూ ఈ మధ్యే ఒక గోడ ఖాళీ అయింది. ఈ సంగతి వాళ్ళ చెవిన పడితే రేపటికల్లా మూలపురుషుణ్ణి ఎత్తుకుపోతారని కాజాలక్క వెళ్ళి తలుపు గడియ వేసింది. ఆ పూటకు ముగ్గురూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఆదివారం ప్రారంభోత్సవం. ఆలోగా గోడ మీద ఏదో ఒకటి ఉండాలి, ప్రవక్త ముఖం ఉండకూడదు, దేవుడితో నడిచినట్టు ఉండాలి, చెప్పుల సంగతి తెలియాలి గానీ చెప్పులవాళ్ళకు తెలియకూడదు. ఈ నాలుగూ చిన్న పెయింటరు నెత్తిన పెట్టి, నువ్వే ఏదో ఒకటి చెయ్యి తల్లీ అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఇంకో పిడుగు. కాజాలక్క దారిలో కిటికీ దగ్గర ఆగి పెద్ద పెయింటరుకి అంతా చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూతుర్ని ఎగాదిగా చూశాడు.

"మనిషిని వేస్తున్నావట."

"వేస్తున్నాను నాన్నా."

"ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళు. చూస్తాను."

ఆయన ఇంకేం అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. తిట్టే మనిషి తిట్టకుండా ఊరుకుంటే అన్నం సయించదు.

మర్నాడు పొద్దున కోటు మాస్టారిని బతిమాలుకుందామని ఆయన షాపుకి వెళ్ళింది. ముఖం వేయను, వీపు అయినా వేయనివ్వండి అని అడగడానికి మాటలన్నీ దారిలో పేర్చుకుంది. షాపులో ఆయన భార్య ఒక్కతే ఉంది, లైనింగు గుడ్డ మడతపెడుతోంది.

"లేరమ్మా," అంది ఆవిడ. "ఇప్పుడే లేచి వెళ్ళారు."

చిన్న పెయింటరు బయటికి వెళ్ళబోయి ఆగిపోయింది. బల్ల మీద సగం కుట్టిన కోటు ఉంది. కాలరులో గుచ్చిన సూది నుంచి దారం వేలాడుతూ ఇంకా కొంచెం ఊగుతోంది. కత్తెర నోరు తెరుచుకుని ఉంది. కుర్చీ బల్లకు ఏటవాలుగా జరిగి ఉంది, దాని మెత్త కుడివైపు బాగా అణిగింది, ఎడమవైపు కొత్తదానిలా ఉంది. కళ్ళజోడు సుద్దముక్క పక్కన బోర్లా పడుంది. మాస్టారి బరువు, నడుం నొప్పి, తొందర, పొదుపు అన్నీ ఆ బల్ల చుట్టూ ఉన్నాయి. మాస్టారు మాత్రం లేరు. ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆమె ఆయన్ని ఇంత బాగా చూడలేదు.

"ఏం చెప్పమంటావమ్మా ఆయనకి?" అంది ఆవిడ.

"ఏం వద్దండి. మాస్టారు కనపడ్డారు," అని చెప్పి చిన్న పెయింటరు పరుగులాంటి నడకతో హాలుకి వెళ్ళిపోయింది. పాపం ఆవిడ వీధి గుమ్మంలోకి వచ్చి అటూ ఇటూ చూసింది.

నాలుగు రోజులు గోడకు పరదా కట్టుకుని పని చేసింది. గడ్డాన్నీ ముఖాన్నీ తడిగుడ్డతో తుడిచేసింది, ఎందుకో జాలి కూడా కలగలేదు. బొగ్గు పక్కన పెట్టి కుంచె తీసుకుంది. అక్షరం రాసేటప్పుడు గీత ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో చేతికి తెలుసు. అక్షరం లోపలి ఖాళీ సరిగ్గా కుదరకపోతే అక్షరమే చెడుతుందని కూడా తెలుసు. ఆ ఖాళీ మీదే నాలుగు రోజులూ కూర్చుంది. మొట్టమొదట కలం పట్టినవారు కూడా ఇద్రీసు ప్రవక్తేనని కోటు మాస్టారు మధ్యలో ఒకసారి పరదా అవతల నుంచి చెప్పి వెళ్ళారు. అంటే ఈయన నాకూ తాతే అనుకుని, గోడ మీద ఒక కలం కూడా పెట్టింది.

ఆదివారం పొద్దున పరదా తీసింది. ముగ్గురు పెద్దలూ ఒకరినొకరు చూసుకున్నారు.

గోడ మీద ఒక గది ఉంది. పొట్టి కాళ్ళ పీట, దాని పక్కన బల్ల మీద సగం కుట్టిన పొడుగు చొక్కా, గుడ్డ అంచు నుంచి దారంతో వేలాడుతున్న సూది. కింద పడిన కలం. గుమ్మం దగ్గర చెప్పులు, ఒకటి సరిగ్గా, ఒకటి బోర్లా. ఆ చెప్పులు ఎవరో ఇంట్లోనే మళ్ళీ కుట్టుకున్నట్టు దారం కనపడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది, బయటంతా ఎండ. దుమ్ములో ఉత్తి కాళ్ళ అడుగులు మూడు గుమ్మం దాటి వెళ్ళాయి. నాలుగో అడుగు లేదు. మనిషి లేడు. కింద ఒక్క అక్షరం కూడా లేదు. ఆమె చేతి కింద అక్షరం లేకుండా పూర్తయిన మొదటి గోడ ఇదే.

కోటు మాస్టారు ముందు భయంభయంగా గోడ అంతా వెతికి, ఎక్కడా ముఖం లేదని రూఢి చేసుకుని, అప్పుడు నిశ్చింతగా చూశారు. చెప్పులు మరిచిపోయారు కదూ అని ఆయనకు తృప్తి. దేవుడితో నడిచి వెళ్ళాడు, పక్కనున్నవారి అడుగులు మనకెలా కనిపిస్తాయి అని కాజాలక్కకు తృప్తి. రఫూ తాత చెప్పు మీది కుట్టును వేలితో తడిమి చూసి, పనివాడే అని గొణిగాడు. పేరు రాయలేదు కాబట్టి వత్తు గొడవ కూడా లేదు. ముగ్గురూ తమ తమ ఆయనే లేచి వెళ్ళిపోయారని సంతోషంగా కుర్చీలు వేయించడానికి వెళ్ళారు.

తర్వాత పెద్ద పెయింటరు కర్ర ఊతంతో లోపలికి వచ్చాడు.

ఆయనకు ఇద్రీసూ తెలియదు, హనోకూ తెలియదు. కాజాలక్క చెప్పిన కథ ఆయన చెవికెక్కలేదు, బొమ్మ అన్న మాట ఒక్కటే ఎక్కింది. చిన్న పెయింటరు కుర్చీ తెచ్చి గోడకు ఎదురుగా వేసింది. మనిషేడీ అంటాడు, అనక మానడు. మనిషిని వేయడం చేతకాక తప్పించుకున్నావా అని కూడా అంటాడు. నిజంగానే తప్పించుకున్నానేమో అని ఆ క్షణంలో ఆమెకే అనుమానమొచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. ముందుకు వంగి చూశాడు.

"పొట్టివాడు," అన్నాడు చివరికి. "పీట కాళ్ళు కోయించుకున్నాడు."

ఆమె ఆయన కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది.

"ఎడమ చేతివాటం. సూది ఆ పక్కకి వదిలాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు, చెప్పు అంచు చూడు ఎలా అరిగిందో. శుభ్రమైన మనిషి, గుడ్డ కింద పడనివ్వడు. అలాంటివాడు కలం కింద పడేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయాడంటే..." ఆయన ఆగి గడ్డం రుద్దుకున్నాడు. "ఎవరో బాగా కావలసినవాళ్ళు పిలిచుంటారు."

చిన్న పెయింటరుకి కళ్ళు మసకబారాయి. గోడ కనపడడం లేదు, తండ్రి వీపు ఒక్కటే కనపడుతోంది.

"ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు ఆయన, గుమ్మం మీంచి చూపు తిప్పకుండా.

ఆ మాట నోరు దాటాక ఆయనకు తెలిసింది. నలభై ఏళ్ళు బొమ్మలతో బతికిన మనిషి, రంగు పూసిన గోడను చూసి అతనెప్పుడొస్తాడని అడిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. గట్టిగా దగ్గి, కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, చెప్పు కింద నీడ కాస్త చిక్కబడిందని, నీలం తగ్గించి ఉండవలసిందని అన్నాడు.

"తగ్గిస్తాను నాన్నా," అంది ఆమె. నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి, ఏదీ ఆపుకోలేదు.

బయట జనం చేరుతున్నారు. ఇంటికి వెళ్దామా అని ఆమె అడిగింది. కాసేపు ఉందామన్నాడు ఆయన. కుర్చీని ఇంకొంచెం ముందుకు జరుపుకుని, తెరిచి ఉన్న ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.